అరకు కొండల్లో పాచి వెతుక్కుంటూ నాలుగు రోజులు

మొదటి రోజు: కొండ వైపు కిటికీ

విశాఖలో పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కేవాళ్లలో చాలామంది అరకు చూడ్డానికే ఎక్కుతారు, ఎక్కగానే లోయ వైపు కిటికీ కోసం పరుగెడతారు. నేనూ మా మేనకోడలూ మాత్రం కొండ వైపు కూర్చున్నాం. ఎదురు సీటు పెద్దాయన ఊరుకోలేక "అటు ఏం కనపడదమ్మా, అంతా రాతిగోడే" అన్నారు. మేం బయల్దేరింది ఆ రాతిగోడ కోసమే. బొడ్డవర దాటాక బండి కొండెక్కడం మొదలుపెడుతుంది, అక్కణ్ణుంచి శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, వరసగా సొరంగాలు, సొరంగానికీ సొరంగానికీ మధ్య నిలువుగా కోసిన కొండ. నవంబరు చివరి వారం, వానలు వెళ్లిపోయినా రాయి ఇంకా చెమ్మగానే ఉంది. దాని మీద పచ్చదనం ఒక్క రంగులో లేదు. ముదురు పచ్చ, పసుపు కలిసిన పచ్చ, వెండి పూత పూసినట్టున్నది, ఎండి నల్లబడింది. బండి నెమ్మదించిన చోటల్లా "అత్తా, అది మాసా, లైకెనా?" అని మా పిల్ల అడుగుతూనే ఉంది. మాస్ అంటే పాచిలా పరుచుకునే బుల్లి మొక్క, లైకెన్ అంటే శిలీంధ్రమూ శైవలమూ (ఆల్గే) కలిసి బతికే జంట.

నేను ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్తాను. 19 ఏళ్లుగా ఏటా బ్రయోఫైటా, అంటే పూలూ విత్తనాలూ లేని పాచిలాంటి బుల్లి మొక్కల పాఠం చెప్తున్నాను, ఫ్యునేరియా అనే మాస్ బొమ్మ బోర్డు మీద రెండు నిమిషాల్లో వేస్తాను. కానీ కొండ మీద వంగి చూసి "ఇది ఫ్యునేరియా" అని చెప్పిన రోజు ఇంతవరకూ లేదు. మేనకోడలు ఎమ్మెస్సీలో చేరాక సెలవుల్లో వచ్చి, బొమ్మలోవాటిని బయట చూద్దాం పద అంది. ఈ ప్రయాణం అలా కుదిరింది.

మన భాషలో వీటన్నిటికీ ఉన్నవి రెండు మూడు మాటలు. నీళ్లలో ఉంటే నాచు, గోడ మీద ఉంటే పాచి, కాలు జారితే పాకుడు. ఆ మాటల్లో శైవలాలూ వస్తాయి, మాస్‌లూ వస్తాయి, లివర్‌వర్ట్‌లూ వస్తాయి. నిజానికి బ్రయోఫైట్లే మూడు గుంపులు. ప్రపంచం మొత్తం మీద మాస్‌లు 12,000 జాతుల దాకా, లివర్‌వర్ట్‌లు 7,000 దాకా, హార్న్‌వర్ట్‌లు 200 పైచిలుకు. వేటికీ అసలైన వేళ్లు ఉండవు, పట్టుకోవడానికి సన్నటి మూలతంతువులు ఉంటాయంతే, నీళ్లని ఒళ్లంతా తాగుతాయి. అందుకే ఎండితే ముడుచుకుంటాయి, తడిస్తే మళ్లీ విప్పుకుంటాయి. ఫీల్డులో గుర్తుపట్టడానికి ఇది పెద్ద ఆధారం అని ఆ రోజే అర్థమైంది.

మా సామాను: 10ఎక్స్ లెన్స్ ఒకటి, 20ఎక్స్ ఒకటి, క్షౌరశాలల్లో వాడే నీళ్ల స్ప్రే సీసా, చిన్న టార్చి, పెన్సిలు, పాత న్యూస్‌పేపర్లు మడిచి చేసిన యాభై పొట్లాలు. కిందటేడు ఒకసారి చింతపల్లి వైపు వెళ్లినప్పుడు ప్లాస్టిక్ కవర్లలో వేసి తెచ్చాను, నాలుగో రోజుకి అన్నిటికీ బూజు పట్టి పారెయ్యాల్సి వచ్చింది. కాగితంలో అయితే వాటంతటవే ఆరిపోతాయి, ఏళ్ల తర్వాత నీళ్లు చుక్క వేసినా ఆకులు మళ్లీ విచ్చుకుంటాయి.

బొర్రా గుహలు స్టేషన్లో దిగాం. బయట సిమెంటు గోడ మీద దుమ్ము పట్టిన నల్లటి మరక ఉంది, ఎవరైనా మసి అనుకుంటారు. ముందు పొడిగా ఉన్నప్పుడే లెన్స్‌తో చూశాం. లెన్స్‌ని మొక్క దగ్గర పెట్టి మనం దూరంగా నిలబడితే ఏమీ తెలీదు, వాచీలు బాగుచేసేవాళ్లలా కంటికి ఆనించుకుని, మొహాన్నే గోడ దగ్గరికి తీసుకెళ్లాలి. ఒక్కో ఆకూ అంచులు లోపలికి చుట్టుకుని గొట్టంలా ఉంది. అప్పుడు నీళ్లు కొట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టాం. ముప్ఫై రాకముందే మరక అంతా చిన్న చిన్న పచ్చ నక్షత్రాలైపోయింది. హయోఫిలా. మన దేశంలో సిమెంటు గోడల మీదా గచ్చు మీదా బాగా కనిపించే మాస్. పొడిగా చూడకుండా ముందే నీళ్లు కొట్టి ఉంటే ఆ గొట్టాల గుర్తు పోయేది. అందుకని మొదట పొడిగా, తర్వాత తడిపి చూడాలని అక్కడే నియమం పెట్టుకున్నాం.

ఆ గోడ కిందే మట్టిలో వెండి రంగు దారప్పోగుల్లా ఇంకొకటి. బ్రయమ్ అర్జెంటియమ్. ఆకు పైభాగం కణాల్లో పత్రహరితం ఉండదు కాబట్టి ఆ తెలుపు. ఊళ్లో ఫుట్‌పాత్ రాళ్ల సందుల్లోనూ ఉంటుంది, అంటార్కిటికాలోనూ ఉంది. జాతి పేరు దాకా కంటితో చెప్పగలిగినవి చాలా తక్కువ, ఇది వాటిలో ఒకటి.

గుహ లోపల ఎండ సోకని చోట కూడా దీపాల చుట్టూ పచ్చగా ఉంది. జనం రంగు దీపాలు చూస్తున్నారు, మేం దీపాల వెనక రాయి చూశాం. కరెంటు వెలుగు చాలు వీటికి. అందంగానే ఉంటుంది గానీ సున్నపురాయికి అది మంచిది కాదు, మెల్లగా తినేస్తుంది.

రెండో రోజు: గెడ్డ ఒడ్డు

ముందు రోజు రాత్రి సంగతి చెప్పాలి. ముందే డబ్బు కట్టిన గది మేం వెళ్లేసరికి వేరేవాళ్లకి ఇచ్చేశారు, కార్తీకం రద్దీ, ఎక్కడా ఖాళీ లేదు. రాత్రి తొమ్మిదింటికి ఇద్దరు ఆడవాళ్లం రోడ్డు మీద, ఎంత టెన్షన్ పడ్డామో. చివరికి అనంతగిరిలో ఒక పాత సున్నపు గోడల ఇంట్లో వాళ్ల అమ్మగారి గదిలో చోటిచ్చారు. తెల్లారి పళ్లు తోముకుంటుంటే పెరటి గోడ కింద, నీళ్లు పారే చోట, తోలు ముక్కల్లాంటివి అంటుకుని ఉన్నాయి. ఎండిన వైపు ఉన్నవి రెండంచులూ పైకి చుట్టుకుని ముదురు ఊదా రంగులో నల్లటి పురుగుల్లా కనిపిస్తున్నాయి, తడి వైపు ఉన్నవి చదునుగా పచ్చగా పరుచుకున్నాయి. వేలితో ఒకదాన్ని లేపితే అడుగున ఊదా పొలుసులు. ప్లాజియోకాస్మా! మొదటి లివర్‌వర్ట్ దొరికింది. ఆ గది దొరక్కపోవడం మంచికే అయ్యిందంది మా పిల్ల, నేను మటుకు కట్టిన డబ్బు సంగతి మర్చిపోలేదు.

కాడ, ఆకు అని విడిగా లేకుండా ఒకే పచ్చటి రేకులా నేలకి పరుచుకునే ఇలాంటి లివర్‌వర్ట్‌లని థాలస్ రకం అంటాం. లివర్ అనే పేరు వీటి తమ్మెల ఆకారం వల్లే వచ్చింది, కాలేయంలా ఉంది కాబట్టి కాలేయ జబ్బులకి మందు అని పాతకాలంలో యూరప్‌లో నమ్మేవాళ్లు.

పొద్దున టిఫినయ్యాక రోడ్డు పక్క గెడ్డ ఒడ్డుకి దిగాం. ఈ వైపు వాగుని గెడ్డ అంటారు. అక్కడ అటవీ భూమి, అనుమతి లేకుండా ఏదీ తియ్యకూడదు, కాబట్టి చూడ్డం, ఫోటో తీసుకోవడం, రాసుకోవడం, అంతే. ఒకందుకు అదే మంచిదైంది, పొట్లంలో వేసుకుంటే ఇంటికెళ్లి చూద్దాంలే అనిపిస్తుంది, తియ్యకూడదంటే అక్కడే కూర్చుని పూర్తిగా చూస్తాం.

ఒక బండ మీద రెండు థాలస్‌లు పక్కపక్కనే ఉన్నాయి, దూరం నుంచి ఒకటే అనిపిస్తాయి. ఒకదాని పైభాగమంతా లెన్స్‌లో సన్నటి గళ్లు, ప్రతి గడి మధ్యలో సూది గుచ్చినట్టు చుక్క. ఆ చుక్కలు గాలి రంధ్రాలు. దాని నడుమ అంచు కోసినట్టుండే బుల్లి గిన్నెలు, గిన్నెలో పచ్చటి బిళ్లలు. ఇది మార్కాన్షియా. చినుకు గిన్నెలో పడితే బిళ్లలు ఎగిరి పక్కన పడతాయి, పడ్డచోట ఒక్కోటీ కొత్త మొక్కవుతుంది. స్ప్రే సీసాతో పైనుంచి లావు చుక్క వదిలి చూశాం, రెండు బిళ్లలు జానెడు దూరంలో మా పిల్ల నోటుబుక్కు మీద పడ్డాయి! తుడిచెయ్యకుండా జాగ్రత్తగా మళ్లీ తడి బండ మీద పెట్టింది.

రెండోది ముదురు పచ్చ, బాగా వెడల్పు, వెలుగుకి పట్టినట్టు చూస్తే తడి బట్టలా పారదర్శకంగా ఉంది. గళ్లూ లేవు, చుక్కలూ లేవు. డ్యూమోర్టియెరా. నిత్యం నీళ్లూరే చోట ఉండే మొక్క కాబట్టి మార్కాన్షియాలాంటి గాలి గదులు దీనికి మిగల్లేదు. ఈ రెండిట్నీ విడదీసేది ఆ చుక్కలే. పాఠంలో గాలి రంధ్రాలు అని ఎన్నోసార్లు చెప్పాను, అవి ఒక ప్రజాతిని (దగ్గరి జాతుల గుంపుని) ఇంకో ప్రజాతి నుంచి విడదీసే పనిముట్టని చేత్తో పట్టుకుని తెలుసుకోవడం వేరు.

రోడ్డు తూము కింద చీకట్లో బంగారం కలిసిన పచ్చ వెలుగు ఒకటి కనపడింది. టార్చి వేస్తే మామూలు పలచటి రేకు. టార్చి ఆపి, బయటి వెలుతురు వచ్చే వైపు నుంచి ఏటవాలుగా చూస్తే మళ్లీ మెరుస్తోంది. సైథోడియమ్ అయ్యుండాలి. దానికి సొంత వెలుగేమీ ఉండదు, ఆ పలచటి పొరలో కణాలు వచ్చిన కాస్త వెలుతురునీ వెనక్కి మళ్లిస్తాయి. నేను చూస్తూ ఉండగా వెనక మా పిల్ల పాకుడు మీద జారి మోకాలు గీరుకుపోయింది, లేచి మొదట అడిగింది "లెన్స్ పగిలిందా అత్తా?" అని.

గట్టు మీద పొలుసుల్లాంటి ఆకులతో ఒక మొక్కని చూసి పెద్ద మాసేమో అనుకున్నాం. సెలాజినెల్లా. ఫెర్న్‌ల వైపు చుట్టం, దీనికి నాళాలూ నిజమైన వేళ్లూ ఉంటాయి. దీని జాతే ఒకటి సంజీవని పేరుతో అమ్ముతారు, ఎండితే ముద్దలా ముడుచుకుని నీళ్లలో వేస్తే విచ్చుకుంటుంది. కాడని కొద్దిగా చీల్చితే నడుమ గట్టి ఈనె వస్తే అది మాస్ కాదని ఒక గుర్తు పెట్టుకున్నాం.

రాత్రి ఆ ఇంటి అమ్మగారు రాగి సంకటి పెట్టారు. చలిలో వేడివేడిగా తింటూ శివరామ్ కశ్యప్ గురించి చెప్పాను పిల్లకి. 1882లో పుట్టి 1934లో పోయిన మనిషి, లాహోర్‌లో ప్రొఫెసరు, హిమాలయాల్లో నడిచి నడిచి లివర్‌వర్ట్‌లు వెతికాడు. మన దేశంలో ఈ శాస్త్రానికి ఆయన్నే పితామహుడంటారు. కొండల్లోకి బస్సులు అంతగా లేని రోజులు అవి.

మూడో రోజు: కాఫీ తోట

ఒక రైతు తోటలోకి రానిచ్చాడు, చిటికెడు చొప్పున తీసుకోవచ్చు అన్నాడు. మిరియాల తీగ పాకిన సిల్వర్ ఓక్‌లు, కింద కాఫీ, మధ్యలో పనసలు. మేం పనస మొదట్లో మోకాళ్ల మీద కూర్చుంటే ఆయన కాసేపు చూసి "ఏటి మేడమ్, పాచి ఏరుతున్నారేటి, మందుకా?" అన్నాడు. మందుకి కాదు, ఏది ఏదో తెలుసుకోడానికి అన్నాను. లెన్స్ ఇచ్చి చూడమంటే చాలాసేపు కన్ను తియ్యలేదు.

ఈ రోజంతా మాకు ఒకటే పంచాయితీ. ఆకులున్న లివర్‌వర్ట్‌లు కూడా ఉంటాయి, నిజానికి లివర్‌వర్ట్‌లలో ఎక్కువ భాగం అవే. వాటినీ మాస్‌లనీ ఎలా విడదీయాలి? మేం వాడిన పద్ధతి ఇది. ఆకు మధ్యలో ఈనె కనిపిస్తే మాస్. ఆకు కొన చీలి రెండు తమ్మెలుగా ఉంటే లివర్‌వర్ట్. ఆకులు కాడ చుట్టూ అన్ని వైపులా ఉంటే చాలావరకు మాస్, రెండు వరసల్లో అణిచిపెట్టినట్టుండి అడుగున మూడో వరస చిన్న ఆకులుంటే లివర్‌వర్ట్. ఈనె లేని మాస్‌లు కూడా ఉంటాయి కాబట్టి ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పకూడదు.

ఇదంతా నోటుబుక్కులో రాసుకున్న పది నిమిషాలకే దారి గట్టు మీద మా లెక్క తప్పించే మొక్క దొరికింది. పక్షి ఈకలా చదునుగా, ఆకులు సరిగ్గా రెండు వరసల్లో. మా పిల్ల లివర్‌వర్ట్ అనేసింది. 20ఎక్స్‌లో ఈనె స్పష్టంగా ఉంది. ఇంకా దగ్గరగా చూస్తే ప్రతి ఆకు మొదట్లోనూ చొక్కా జేబులాంటి మడత, ఆ మడతలో పై ఆకు కాడతో సహా దూరి ఉంది. ఫిస్సిడెన్స్. ఆ జేబు ఒక్కసారి చూస్తే ఇంకెప్పుడూ పొరబడం. ఫిస్సిడెన్స్‌లో ఏ జాతి అంటే మాత్రం ఆకు అంచు కణాలు మైక్రోస్కోపులో చూడాలి. మా పిల్లకి ఇక్కడే ఆగడం ఇష్టం లేదు, ఫోన్లో బొమ్మలు పోల్చి ఏదో ఒక జాతి పేరు రాద్దామంది. వద్దన్నాను. చూసినంతవరకే రాయాలి, చూడనిది రాస్తే ఆ పొట్లం తర్వాత తెరిచేవాళ్లని తప్పుదారి పట్టిస్తాం. కాసేపు మాట్లాడలేదు నాతో.

జీలుగు చెట్టు మొదట్లో తెల్లటి పచ్చ కుచ్చులు, పాలు కలిపినట్టు. ఆకు మందంగా ఉంది, గిల్లితే పుటుక్కున విరిగింది. ఆక్టోబ్లెఫారమ్. గ్రీకులో ఎనిమిది కనురెప్ప వెంట్రుకలు అని అర్థం, గుళిక, అంటే విత్తనాల బదులు మొలిచే సిద్ధబీజాలుండే బుల్లి డబ్బా, దాని మూతి చుట్టూ ఉండే పళ్లు ఎనిమిదే కాబట్టి. ఒక్క గుళిక దొరికితే లెక్కపెట్టాం, ఎనిమిదే ఉన్నాయి. అప్పుడు మాట్లాడింది.

పనస బెరడు మీద ఇంకో మరక, ఈసారి ఎర్రటి గోధుమ రంగు, ఎండిన రక్తపు చార అనిపించేలా. తడిపాం. సన్నటి దారాలు, కొమ్మలు కొమ్మలుగా. ఒక పోగు తీసి తిరగేసి 20ఎక్స్‌లో చూస్తే అడుగున వరసగా చిన్న చిన్న టోపీలు బోర్లించినట్టు. ఫ్రులానియా, ఆకులున్న లివర్‌వర్ట్. ఆకులోని చిన్న తమ్మె అలా టోపీగా మారి నీళ్లు దాచుకుంటుంది, ఆ టోపీల్లో రోటిఫర్‌లనే కంటికి కనపడని జీవులు కాపురం ఉంటాయి. చెట్టు బెరడు మీద మరకలో నీటి తొట్లు, తొట్లలో ప్రాణులు. రైతు కూడా చూశాడు. చూసి, కాస్త ఆలోచించి, "అయితే మా కళ్లం పక్కన ఎర్ర ఎంటుకలు లెగిసేయి, అవీ ఇవేనేటి?" అన్నాడు.

వెంటనే వెళ్లాం. వేసవిలో కాఫీ కొమ్మలు కొట్టి తగలబెట్టిన చోటు, చాప పరిచినంత మేర. బూడిద కలిసిన నల్లమట్టి మీద లేత పచ్చ మొగ్గల్లాంటి మొక్కలు ఒత్తుగా, వాటిలోంచి వేలెడు కంటే తక్కువ ఎత్తున రాగి రంగు కాడలు వందలు, ప్రతి కాడ కొసనా వంగిన గుళిక, బేరిపండులా ఒకవైపు ఉబ్బి. కొన్నిటి మీద ఇంకా పొడుగు ముక్కు టోపీ ఉంది. నేను నేల మీద బోర్లా పడుకున్నాను. ఫ్యునేరియా హైగ్రోమెట్రికా. కాలిన నేలంటే దానికి ఇష్టమని పుస్తకాల్లో ఉంటుంది. హైగ్రోమెట్రికా అనే మాట ఎందుకొచ్చిందో పరీక్ష చేశాం. ఎండిన కాడ ఒకటి పురి పెట్టిన తాడులా మెలితిరిగి ఉంది. దాని మీద మెల్లగా నోటితో ఆవిరి ఊదాను. గుళిక నిద్రలో తల తిప్పినట్టు చిన్నగా తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. పురి విడుతోంది. గాలి ఆరగానే వెనక్కి చుట్టుకోవడం మొదలైంది. మేం ముగ్గురం ఒకరి తర్వాత ఒకరం ఊదాం. రైతు వాళ్ల మనవడిని కేకేసి పిలిచాడు, వాడూ ఊదాడు. బోర్డు మీద నేను గీసిన కాడ ఎప్పుడూ నిటారుగా ఒక గీత, కదలనిది. వచ్చే ఏడాది నుంచి మెలికతోనే గీస్తాను.

గుళికని చిటికెన వేలి గోటి మీద పెట్టి మూత ఊడిన మూతి చూస్తే పళ్లు మధ్యకి వంగి తిరగలి రాయి గాట్లలా ఉన్నాయి. బయటి వరసలో 16, లోపలి వరసలో 16. లోపలివి లెన్స్‌కి అందలేదు. లివర్‌వర్ట్ గుళికలకి ఈ పళ్లు ఉండవు, వాటి గుళిక మామూలుగా నాలుగు చీలికలై తెరుచుకుంటుంది, కాడ కూడా తెల్లగా మెత్తగా ఉండి రెండు మూడు రోజుల్లో వాలిపోతుంది. ఇన్ని రోజులు నిలబడి ఎండిన గట్టి కాడ కనిపిస్తే అది మాసే.

నాలుగో రోజు: పొలాలు, తిరుగు ప్రయాణం

అరకులో వలిసె పూలు విరగబూశాయి, జనమంతా పసుపు పొలాల్లో ఫోటోలు దిగుతున్నారు. మేం పక్కనే కోత కోసిన వరి మళ్లో కూర్చున్నాం. చెమ్మ మట్టి మీద రూపాయి బిళ్లంత పచ్చ ముగ్గులు, ప్రతి పాయా రెండుగా చీలి, మళ్లీ రెండుగా చీలి. రిక్సియా. దీనికి కాడా లేదు, గుళిక థాలస్ లోపలే పుడుతుంది, అక్కడక్కడా నల్ల చుక్కల్లా కనిపించేవి అవే.

దాని పక్కన జిడ్డుగా ముదురు పచ్చగా ఒక రేకు, దాని మీద పచ్చటి సూదులు నిలబడి ఉన్నాయి, కొన్నిటికి కొస నల్లబడి రెండుగా చీలింది. హార్న్‌వర్ట్, ఆంథోసెరాస్ దగ్గరి చుట్టం ఏదో. ఆ కొమ్ము కొసన విప్పుకుంటూ సిద్ధబీజాలు వదులుతుంటే మొదట్లో ఇంకా పెరుగుతూనే ఉంటుంది. వెలుగుకి పెట్టి చూస్తే థాలస్‌లో నల్లటి నీలి చుక్కలు, అవి నాస్టాక్ అనే నీలి ఆకుపచ్చ బాక్టీరియా నివాసాలు, అది గాలిలో నత్రజనిని పట్టి దీనికి ఇస్తుంది. మడి రైతు వారంలో మళ్లీ దున్నుతానన్నాడు. మూడు గుంపులూ ఈ ప్రయాణంలో కళ్లారా చూశాం.

సాయంత్రం బస్సులో పొట్లాలు లెక్కపెడితే 31. పదిహేడింటికి ప్రజాతి పేరు ఉంది, నాలుగింటికి జాతి పేరు, మిగతా పదింటి మీద ప్రశ్న గుర్తు. అవి ఆరాక తీరిగ్గా చూడొచ్చు. ఒక్కదానికి మాత్రం ఆగడానికి లేదు. కాఫీ తోటలో పనస మీద దొరికిన లేత పచ్చ లివర్‌వర్ట్, వెంట్రుక అంత సన్నం. లివర్‌వర్ట్ కణాల్లో నూనె గుళికలుంటాయి, మాస్‌లలో ఇవి ఉండవు, వాటి సంఖ్యా ఆకారమూ గుర్తుపట్టడానికి చాలా ముఖ్యం. ఎండితే అవి మాయమైపోతాయి. అందుకే దాన్ని కాగితంలో పెట్టకుండా తడి దూదితో చిన్న డబ్బాలో తెచ్చాం.

ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండు. కాళ్లు కడుక్కుని కాలేజీ నుంచి ముందే తెచ్చిపెట్టుకున్న మైక్రోస్కోపు ముందు కూర్చున్నాం. రెండు తమ్మెల ఆకు, చిన్న తమ్మె సంచిలా, అడుగున కొన చీలిన మూడో వరస ఆకులు, ప్రతి కణంలో మెరుస్తూ చిన్న చిన్న నూనె బొట్లు. మా పిల్ల ఆరు కణాలు బొమ్మ వేసింది, బొట్లు లెక్కపెట్టింది. ఇద్దరం ఒంటిగంట దాకా తంటాలు పడ్డాం. లెజ్యూనియేసీ కుటుంబం దాకా అనుమానం లేదు, ఆ తర్వాత అడుగు పడలేదు. చీటీ తనే తీసుకుని పెన్సిలుతో రాసింది: నం. 23. లెజ్యూనియేసీ. ప్రజాతి తెలియదు. పనస బెరడు, ఉత్తరం వైపు, నేల నుంచి 4 అడుగుల ఎత్తు. అనంతగిరి. నూనె గుళికల బొమ్మ వెనక ఉంది.